పరభాష నోటికి వచ్చుట యెట్లు? కృష్ణామండలమున హిందీ నేర్చిన కథ



మన పల్లెలలో ఒక వింత అందరకును తెలిసినదే. బాలుడు ఆరవ తరగతి మొదలు హిందీ చదువును. ఇంగ్లీషు అంతకంటె ముందునుండియే చదువును. పరీక్షలలో మార్కులకు లోటుండదు. కాని బెజవాడ స్టేషనులో ఉత్తరదేశపు ప్రయాణికు డొకడు, కాశికి పోవు బండి యే ప్లాటుఫారము మీదికి వచ్చునని యడిగినచో, ఆ బాలుడు తండ్రి చాటునకు పోవును. మరియొక ప్రక్క బీహారునుండి వచ్చి మన రైసుమిల్లులో బస్తాలు మోయు కూలివాడు ఏడాది తిరుగకమునుపే కిరాణాకొట్టులో తెలుగున బేరమాడుచుండును. వానికి బడి లేదు, పుస్తకము లేదు, పరీక్ష లేదు. ఏండ్లకొలది చదివినవానికి రాని పరభాష, చదువనివానికి ఎట్లు వచ్చినది?

దీనికి తెలివితేటల తారతమ్యము కారణము కాదు. ఆ కూలివానికి తెలుగుతో పని కలదు; మన బాలునికి హిందీతో పరీక్ష యొక్కటే కలదు. ఇంతియే భేదము. ఈ చిన్నమాట వెనుక మన కృష్ణామండలపు చరిత్ర నాలుగు వందల యేండ్లది కలదు. దానిని నేడు మీకు మనవి చేయదలచితిని.

నేను శబ్దమంజరితో మొదలిడి, అమరము వల్లించి, కౌముది చదివి, బడిలో తెలుగు పండితుడుగ జీవితము గడిపినవాడను. కావున వ్యాకరణమును తక్కువచేసి పలుకుటకు నాకు నోరు రాదు. అయినను వ్యాకరణశాస్త్రమునకు పెద్దదిక్కగు పతంజలియే మహాభాష్యము మొదట ఒక చక్కని పోలిక చెప్పియున్నాడు. కుండతో పనిగలవాడు కుమ్మరి యింటికి పోయి కుండ చేసి యిమ్మని కోరునట. మాటతో పనిగలవాడు మాత్రము వైయాకరణుని గడప త్రొక్కి, మాటలు చేసి యిమ్మని యడుగడట. తన పని తలచుకొని తానే పలుకునట. అనగా మాట పుట్టుచోటు లోకవ్యవహారము. అచ్చట పుట్టిన మాటను చక్కబెట్టునది శాస్త్రము. ఈ వరుస తప్పినపుడెల్ల పరభాషాభ్యాసము కుంటుపడెను. ఈ వరుస నిలిచినపుడెల్ల అది పరుగిడెను. మన మండలపు కథ యంతయు ఈ సూత్రమునకు ఉదాహరణమే.

మనకు పరభాషలు క్రొత్తవి కావు. బందరు రేవే వానికి తొలిబడి. పదునేడవ శతాబ్ది యారంభమున డచ్చివారు, 1611వ సంవత్సరమున గ్లోబు అను నౌకపై ఇంగ్లీషు కంపెనీవారు ఆ రేవున దిగిరి. వారికి కావలసినవి మన అద్దకపు బట్టలు. బట్ట కొనవలెనన్న నేతవానితో మాటాడవలెను, అద్దకపువానితో మాటాడవలెను, గోలకొండ సుల్తాను ఉద్యోగులతో మాటాడవలెను. ఆ పని నడిపినవారు దుబాసీలు. దుబాసీ యనగా ద్విభాషి, రెండు భాషలు తెలిసినవాడు. సరకు పేరు, ధర, గడువు, జామీను అను నాలుగింటి చుట్టును అల్లుకొని వారి పరభాష పెరిగెను. ఒక మాట తప్పినచో బేరము చెడును. కనుక మాట తప్పకుండ నేర్చుకొనిరి. బెత్తము చేయలేని పని బేరము చేసెను.

ఆ విద్యకు లోపమును లేకపోలేదు. రేవులో పుట్టిన భాష రేవు దాటి పోజాలదు. న్యాయస్థానమున వాదము వినుటకు గాని, రైతు వ్రాసికొన్న అర్జీ చదువుటకు గాని అది చాలదు. పైగా భాష రాని యధికారి దుబాసీ చేతిలో కీలుబొమ్మ యగును. అందువలన కంపెనీవారు 1812లో మద్రాసున సెంటు జార్జికోట కళాశాలను నెలకొల్పి, తమ యువోద్యోగులకు దేశభాషలు నేర్పింప మొదలిడిరి.

1817లో మద్రాసు చేరిన చార్లెసు ఫిలిప్ బ్రౌను అచ్చట చదివినవాడే. కళాశాలలో నేర్చిన తెలుగు ఆయనకు పునాది మాత్రమే. 1820లో కడపలో హన్బరీ యను కలెక్టరునకు సహాయకుడుగ చేరెను. హన్బరీ తెలుగు ధారాళముగ మాటాడువాడు. కచ్చేరిలో దినదినమును ప్రజలతో వ్యవహారము నడపవలసి వచ్చుటచే బ్రౌనునకు తెలుగు నోటికి వచ్చెను. తరువాత బందరున కొలువు చేయుచు 1824 ప్రాంతమున వేమన పద్యములు సేకరింప నారంభించెను. తెలుగు పండితుల సాయమున కావ్యములును ఛందస్సును అభ్యసించెను. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. ఈ వరుసను మీరు గమనింపవలెనని నా కోరిక. మొదట కచ్చేరి, ఆపై కావ్యము, ఆపై వ్యాకరణరచన. నేడు మన పిల్లలకు చెప్పు వరుస దీనికి తలక్రిందులు.

ఆ తలక్రిందుల వరుస ఎచ్చటినుండి వచ్చినది? 1843లో రాబర్టు నోబులు దొర బందరున పాఠశాల పెట్టెను. మన మండలమున ఇంగ్లీషు చదువు వేళ్లూనుటకు అది ముఖ్యకారణము. అట్టి పాఠశాలలవలన మహోపకారము జరిగినది, కాదనువాడు కృతఘ్నుడు. అయితే ఆ కాలమున దేశమంతట పరభాష నేర్పిన రీతి యొక్కటియే. నియమము వల్లించుట, వాక్యమును మాటకు మాట సొంతభాషలోనికి మార్చుట, పాఠము కంఠస్థము చేయుట. ఈ రీతి యూరపుఖండమున లాటిను, గ్రీకు భాషలు చెప్పుటకు ఏర్పడినది. ఆ భాషలలో పాలకొనువాడును లేడు, కూరలమ్మువాడును లేడు. గ్రంథము చదువుటయే పరమావధి గనుక వానికి ఆ రీతి సరిపోయెను. జీవించియున్న భాషకు దానినే తొడుగుట, ఎదుగు పిల్లవానికి చిన్ననాటి చొక్కా తొడిగినట్లే.

ఇక హిందీ మాట. మన మండలమునకు హిందీ మొదట పాఠ్యపుస్తకముగ రాలేదు; నాటకముగ వచ్చెను. పంతొమ్మిదవ శతాబ్ది చివర పార్శీ నాటకసంఘములు ఊరూర తిరుగుచు హిందుస్తానీ నాటకము లాడెను. వాని ప్రభావమున బందరువారును అట్టి నాటకములు ఆడదలచిరి. కృష్ణామండలమువారగు నాదెళ్ల పురుషోత్తమకవి గారు (1863-1938) ఆ బందరు రంగస్థలము కొరకు 1880 దశకమున ముప్పదిరెండు హిందీ నాటకములు రచించిరి. వానిని తెలుగు లిపిలో వ్రాసిరి. దేవనాగరి యెరుగని తెలుగు నటుడు తెలుగు లిపిలో హిందీ చదువుకొని, రంగముపై పలికెను. తెలుగు ప్రేక్షకుడు విని ఆనందించెను.

ఎట్లు తెలిసెనని మీ రడుగవచ్చును. పురాణకథ ప్రేక్షకునకు ముందే తెలియును. రాజు కోపము మాటకంటె ముందు కనుబొమలలో కనబడును. కథ తెలిసి, ముఖము తెలిసి, సందర్భము తెలిసినపుడు మాట తనంతట తాను అర్థమగును. అర్థము ముందు నడువగా మాట వెనుక నడచును. పసిబిడ్డ తల్లిభాష నేర్చుటయు ఇట్లే. అమ్మ చందమామను చూపి పిలుచును. బిడ్డ మొదట వెలుగును చూచును, ఆ తరువాత పేరును పట్టుకొనును.

1889లో నైజాము రైలుమార్గము బెజవాడకు వచ్చి కలిసెను. పది సంవత్సరములలో మద్రాసు మార్గమును కలిసెను. నాలుగు దిక్కుల జనము దిగు కూడలి యగుటచే బెజవాడలో హిందుస్తానీ చెవిన పడుట నిత్యకృత్యమయ్యెను. నేల దున్ని సిద్ధమయ్యెను. విత్తనము 1918లో పడెను.

ఆ సంవత్సరము ఇందూరున జరిగిన హిందీ సాహిత్య సమ్మేళనమునకు గాంధీమహాత్ముడు అధ్యక్షుడు. దక్షిణదేశమున హిందీ ప్రచారము జరుగవలెనని అచ్చట సంకల్పించి, తన కుమారుడగు దేవదాసు గాంధీని మద్రాసునకు పంపెను. ఆయనయే మొదటి ఉపాధ్యాయుడు. ఉత్తరదేశపు యువకులు కొందరు దక్షిణమునకు వచ్చిరి. దక్షిణదేశపు యువకులు కొందరు ప్రయాగకేగి నేర్చివచ్చిరి. ఆ కార్యాలయమే 1927లో దక్షిణ భారత హిందీ ప్రచార సభ యను పేరు దాల్చెను. 1910లో కోపల్లె హనుమంతరావు గారు మొదలగు పెద్దలు బందరున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల వంటి చోట్ల హిందీకి ఆదరము లభించెను.

1921 మార్చి, ఏప్రిలు సంధిన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘపు సమావేశము జరిగెను. కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అను తీర్మానము అచ్చటిదే. దేశము నలుమూలలనుండి నాయకులు మన యూరికి వచ్చిరి. వారితో మాటాడవలెనను కోరిక మనవారికి సహజముగ కలిగెను. గాంధీగారు హిందీలో ప్రసంగింపగా కొండా వెంకటప్పయ్య పంతులు గారి వంటివారు తెనిగించుచుండిరి. సభలో కూర్చున్న రైతునకు హిందీవాక్యము ఒకమారు, తెలుగు వాక్యము ఒకమారు వినబడును. పది సభలు విన్నవానికి పదిమాటలైన నిలువవా? అనువాదకుని కంటె ముందే చప్పట్లు కొట్టవలెనను ముచ్చటయు నుండెడిది.

హిందీ వర్గములు సాయంకాలము పనిపాటులు ముగిసిన పిమ్మట సాగెను. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథభాండాగార మహాసభ జరిగినది మొదలు ఊరూర పుట్టిన పఠనమందిరములు వానికి ఆశ్రయమిచ్చెను. ప్రభాతభేరిలో పాడుటకు పాట కావలెను. వచ్చిన అతిథిని పలుకరించుటకు మాట కావలెను. ఉత్తరదేశపు చెరసాలనుండి వచ్చిన యుత్తరము చదువుకొనవలెను. 1930, 1932 సంవత్సరముల సత్యాగ్రహములందు జైళ్లకు పోయినవారు అచ్చటను ఒకరికొకరు భాషలు నేర్పుకొనిరి. నేర్చుట, వాడుట అను రెండు పనులకు నడుమ ఎడము లేకుండెను. ఉదయము నేర్చిన మాట సాయంకాలమునకు ఖర్చగుచుండెను. చేతిలో నిలువయున్న ధాన్యము పురుగుపట్టును. విత్తిన ధాన్యము పెరుగును. భాషయు అంతే.

ఇందుకు ఇద్దరి జీవితములు నిదర్శనము. మొదటివారు శ్రీమతి దుర్గాబాయి గారు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. హిందీ నేర్చి, ఇంకను బాలికగ నున్నపుడే ఆ యూర బాలికా హిందీ పాఠశాల పెట్టి తోటి స్త్రీలకు చెప్పిరి. 1923లో కాకినాడ కాంగ్రెసునకు స్వచ్ఛందసేవికగ పోయి, ప్రదర్శనశాల ద్వారముకడ నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్లాలు నెహ్రూ గారినే ఆపివేసిన కథ జగమెరిగినదే. గాంధీగారి హిందీ ప్రసంగమును తెనిగించి ఆయన మెప్పు పొందిరి. విద్యాలయములు తమ పట్టములిచ్చుటకు చాలముందే, పదునాలుగేండ్ల ప్రాయమున ఆమెకు ఆ భాషతో పని కలిగెను. పనియే ఆమెకు గురువయ్యెను. నేర్చినదానిని వెంటనే ఇతరులకు చెప్పుట కూడ భాష నిలుచుటకు గొప్ప సాధనమని గ్రహింపదగును.

రెండవవారు కృష్ణకు ఆవలి యొడ్డున తెనాలిలో 1908లో పుట్టిన ఆలూరి వెంకటసుబ్బారావు గారు. చక్రపాణి యను పేరున మీకు సుపరిచితులు. వారు హిందీ నేర్చిరి. 1932లో క్షయవ్యాధి చికిత్సకై మదనపల్లె శానిటోరియమున నుండగా అచ్చటనే యున్న యొకరి సాయమున వంగభాష నేర్చిరి. రోగశయ్యపై కాలక్షేపముగ మొదలైన ఆ మాటలవలన శరత్ బాబు నవలలు తెలుగింటింటికి వచ్చెను. 1947లో వారు నాగిరెడ్డి గారితో కలసి స్థాపించిన చందమామ తరువాత హిందీలో కూడ వెలువడెను. ప్రక్కమంచము మీది సహవాసము చేసిన మేలు ఇంతటిది!

ఇంత ముచ్చటగ సాగిన కథలో మలుపు ఎచ్చట వచ్చినది? 1938లో మద్రాసు రాజధానియందు రాజగోపాలాచారి గారి మంత్రివర్గము 125 ఉన్నత పాఠశాలలలో హిందీని విధిగ ప్రవేశపెట్టెను. తమిళ జిల్లాలలో తీవ్రమైన ఆందోళనము చెలరేగెను. 1940 ఫిబ్రవరిలో ఆ నిర్బంధము తొలగింపబడెను. రాజకీయముల జోలికి నేను పోను. భాషాభ్యాసమునకు సంబంధించినంతవరకు ఒక్కటి మాత్రము చెప్పెదను. అరుగుమీద కూర్చుండి కోరి నేర్చిన భాషను గంటకొట్టి నేర్ప మొదలిడగనే దాని స్వభావము మారెను.

రెండవ మార్పు పరీక్షలవలన వచ్చెను. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని సభవారి పరీక్షలు మెట్లుమెట్లుగ నుండును. ఇవి చేసిన మేలు తక్కువది కాదు. బడిముఖము చూడని గృహిణులు ఇంటనే చదివి ప్రవీణులైరి. ఎందరో బీదపిల్లలకు ఉపాధ్యాయవృత్తి దొరకెను. 1964లో పార్లమెంటు శాసనమువలన సభ జాతీయప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. కాని పరీక్ష సాధనముగ మొదలై సాధ్యముగ మారినపుడు, మాటాడుట వెనుకకు పోయి ప్రశ్నోత్తరములు ముందునకు వచ్చును. త్రిభాషాసూత్రము 1968నాటి జాతీయ విద్యావిధానమున చేరిన పిదప హిందీ మన బడులలో ద్వితీయభాషగ స్థిరపడెను. నేను బడిలో పనిచేసిన దినములలో పదవ తరగతి హిందీకి నూటికి 20 మార్కులు వచ్చినచో ఉత్తీర్ణతయే. అంత తక్కువ మెట్టు పెట్టిన గడపను ఎవ్వరును జాగ్రత్తగ దాటరు. తాతలు వీధిలో పలికిన హిందీ, మనుమలకు మార్కుల పట్టికలో ఒక గడిగ మిగిలెను.

ఈ వ్యాధిని గుర్తెరిగి మందు వెదకినవారును మన మండలమువారే. కృష్ణాజిల్లా దొండపాడు గ్రామమున 1902 ఫిబ్రవరి 2వ తేదీన జన్మించిన మోటూరి సత్యనారాయణ గారు యౌవనముననే హిందీ ప్రచారమున ప్రవేశించి, సభకు ప్రధాన కార్యదర్శులై, దేశ రాజ్యాంగసభలో సభ్యులైరి. హిందీ ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చు సంస్థయొకటి ఉండవలెనని పాటుపడి, 1960 ప్రాంతమున ఆగ్రాలో కేంద్రీయ హిందీ సంస్థానమునకు మూలపురుషులైరి. తెలుగువాడు పోయి హిందీవారి నడుమ హిందీ బోధనకు పీఠము వేయించుట సామాన్యవిషయము కాదు. 1962లో పద్మభూషణ బిరుదము నందిన వారు 1995 మార్చి 6వ తేదీన దివంగతులైరి. ఇట్టి హిందీ ప్రచారకులే తెలుగు భాషాసమితి నెలకొల్పి తెలుగున విజ్ఞానసర్వస్వమును వెలువరించుటకు ముందు నిలిచిరి. పరభాషను ప్రేమించినవాడు తల్లిభాషను మరచునను భయము ఎంత వట్టిదో వారి జీవితమే చాటుచున్నది.

వారు 1970 దశకమున గట్టిగ చెప్పిన మాట ‘ప్రయోజనమూలక హిందీ’. దాని భావము నాకు తెలిసినంతలో చెప్పెదను. కవిత్వమును ఆస్వాదించుట భాషకు ఒక ప్రయోజనము. అది యొక్కటే కాదు. బ్యాంకులో ఫారము నింపుట, కార్యాలయమున ఉత్తరము వ్రాయుట, రోగి బాధను వైద్యునకు తెలుపుట, సరకు రవాణా చీటి చదువుట, ఇవన్నియు వేరువేరు ప్రయోజనములు. ఒక్కొక్క ప్రయోజనమునకు ఒక్కొక్క పలుకుబడి కలదు. నేర్చువానికి ఏ పనికై భాష కావలెనో ముందు తెలిసికొని, ఆ పనికి తగిన భాషను నేర్పవలెను. వైద్యుడు నాడిచూచి మందిచ్చునే గాని, ఊరివారికందరకు ఒక్కటే మాత్ర పంచడు గదా!

ఆశ్చర్యమేమనగా, ఆ దినములలోనే సముద్రములకు ఆవల కూడ ఇదే యాలోచన సాగుచుండెను. అమెరికా విద్వాంసుడు డెల్ హైమ్సు 1972లో ప్రకటించిన వ్యాసమున, వాక్యము తప్పులేకుండ కూర్చుట యొక్కటే భాష వచ్చుట కాదనియు, ఎవరితో, ఎచ్చట, ఎప్పుడు, ఎట్లు పలుకవలెనో తెలియుటయు అందు భాగమనియు వివరించెను. ఇది మన పెద్దలకు క్రొత్తగాదు. ‘నీవు’, ‘మీరు’, ‘తాము’ అను మాటలు మూడును వ్యాకరణమున సాధువులే. ఎవరికడ ఏది యనవలెనో తెలియనివానిని మనము భాష వచ్చినవాడని యందుమా? 1976లో విల్కిన్సు అను ఇంగ్లీషు పండితుడు పాఠప్రణాళికను వ్యాకరణపు మెట్ల ననుసరించి కాక, అడుగుట, ఒప్పుకొనుట, కాదనుట, క్షమింపుమనుట మున్నగు వ్యవహారముల ననుసరించి కూర్పవచ్చునని గ్రంథము వ్రాసెను.

మన పొరుగుననే మరియొక ప్రయోగము జరిగెను. 1979 మొదలు 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు గారు బెంగుళూరు, మద్రాసు మొదలగు చోట్ల సామాన్యమైన బడులలో ఇంగ్లీషు బోధనను క్రొత్తత్రోవ పట్టించిరి. ఆయన తరగతిలో వ్యాకరణపాఠము లేదు. పిల్లలకు రైళ్ల కాలపట్టిక యిచ్చి, ఫలానా యూరికి మధ్యాహ్నములోపల చేరవలెనన్న ఏ బండి యెక్కవలెనని యడుగుదురు. పటము చూపి త్రోవ చెప్పుమందురు. మొదట ఉపాధ్యాయుడు తరగతియందరితో కలసి ఒక లెక్క చేయును. తరువాత అట్టిదే మరియొకటి పిల్లలు తామే చేయుదురు. పిల్లవాని బుద్ధి బండివేళమీద నుండును. భాష తెలియకుండనే లోపలికి దిగును. 1987లో ఆయన ఈ యనుభవమును గ్రంథముగ ప్రకటింపగా దేశదేశముల ఉపాధ్యాయులు చదివిరి. మన బందరు దుబాసీ బేరము తలచుకొని మాట నేర్చినదియు, ప్రభుగారి శిష్యుడు బండివేళ తలచుకొని మాట నేర్చినదియు ఒక్కటే యని నాకు తోచును.

ఇచ్చట ఒక యాక్షేపము రాదగినది, అది న్యాయమైనదియు. ‘పంతులుగారూ, అట్లయిన వ్యాకరణము అక్కరలేదా? వచ్చిన మాట వచ్చినట్లు పలుకుచు పోవలసినదేనా?’ అని మీరడుగవచ్చును. అక్కరలేదని నేననను. మిల్లులోని కూలివాని తెలుగు బేరమునకు చాలును. వాడు తన కూలిబాకీని గూర్చి లేబరు ఆఫీసులో అర్జీ వ్రాసికొనవలెనన్నచో చాలదు. అచ్చట క్రియ తప్పినను, కాలము తప్పినను వానికి నష్టమే. రేవుభాష రేవు దాటదని మొదట చెప్పితిని గదా! వాడుకవలన భాష ప్రాణము పోసికొనును. వ్యాకరణమువలన ఎముకపుష్టి పొందును. ప్రాణములేని యెముకలగూడును నడువదు. ఎముకలేని మాంసపుముద్దయు నిలువదు. కాబట్టి వ్యాకరణమును తీసివేయుమనుట కాదు, దాని వేళకు దానిని పిలువుమనుటయే నా మనవి. పిల్లవాడు పది వాక్యములు తనంతట పలికిన పిదప, ఆ పదిలో తప్పిన రెండింటిని చూపి నియమము చెప్పినచో, ఆ నియమము వాని సొత్తగును. పలుకకమునుపే చెప్పిన నియమము పరులసొత్తు.

మన సంస్కృతమునందే చూడుడు. పూర్వము గురుకులమున విద్యార్థి సూత్రములు వల్లించుట నిజమే. కాని అదే విద్యార్థి వాక్యార్థసభలో సంస్కృతముననే ప్రశ్నించుచు, సంస్కృతముననే సమాధానము చెప్పుచుండెను. ఆ సభలు తరిగి వల్లెయొక్కటే మిగిలినపుడు సంస్కృతము నోటినుండి జారెను. 1981లో బెంగుళూరున కొందరు యువకులు సంస్కృతముననే సంస్కృతము మాటాడించు ఉద్యమము నారంభించిరి. పదిదినముల శిబిరములు దేశమంతట జరిగెను. పది దినములలో పండితులు కారు. కాని భయము పోవును. పరభాషకు మొదటి శత్రువు భయమే.

ఇప్పుడు మన గ్రామముల మాట. మీ పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, పరదేశములకు పోవుచున్నారు. మన మిల్లులకు, చెరువులకు, ఇండ్ల కట్టుబడులకు బీహారు, ఒడిశా, బెంగాలులనుండి జనము వచ్చుచున్నారు. పరభాష రానిచో పోయినవాడు మోసపోవును, వచ్చినవాడును మోసపోవును. కాబట్టి ఇది మార్కుల సంగతి కాదు, కడుపుకూటి సంగతి, మర్యాద సంగతి. పాఠ్యపుస్తకమును మార్చుట మన చేతిలో లేదు. మాధ్యమమును గూర్చిన వివాదమును నేనిచ్చట నెత్తను. ఊరిపెద్దల చేతిలో నున్న పనులు మాత్రము కొన్ని కలవు.

ఊరి గ్రంథాలయమున వారమునకు రెండు సాయంకాలములు పిల్లలను చేర్చి, ఒకనాడు హిందీ, ఒకనాడు ఇంగ్లీషు మాత్రమే పలుకవలెనని నియమము పెట్టుడు. ఊరికే మాటాడుమన్న మాట రాదు, పని పెట్టుడు. రైలుపట్టిక, మందుసీసాపై చీటి, ఎరువుబస్తాపై వ్రాత, ఇట్టివి వారి ముందుంచి సంగతి చెప్పుమనుడు. ఉత్తరదేశపు కూలీలలో మాటకారియగు వానిని గౌరవముతో పిలిచి, వాని యూరి పంటలను గూర్చి పిల్లలచేత అడిగింపుడు. వానికి బదులుగా తెలుగు అక్షరములు నేర్పింపుడు. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇద్దరికిని లాభమే. పిల్లవాడు తప్పు పలికినపుడు నవ్వకుడు. మాట పూర్తియగువరకు ఆగి, అదే మాటను మీరు సరిగ పలికి చూపుడు. మనుమని పరీక్షాఫలితము వచ్చిననాడు ఎన్ని మార్కులు వచ్చెనని యడుగుటతోపాటు, ఈ యేడు ఆ భాషలో ఎవరితో మాటాడితివని కూడ ఒక ప్రశ్న వేయుడు. బదులు లేకున్నచో, తప్పు పిల్లవానిది కాదని గ్రహించి, వానికొక తోడును వెదకి యిండు.

దుబాసీకి బేరము, బ్రౌనునకు కచ్చేరి, దుర్గాబాయమ్మకు ఉద్యమము, చక్రపాణిగారికి ప్రక్కమంచపు చెలిమి పాఠశాలలైనవి. మన పిల్లలకు అట్టి చోటు చూపుటకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక దీపము, ఒక చాప, ఓపికగల పెద్ద యొకడు చాలును. ఆ పెద్ద మీలో నొకరు కావలెనని నా కోరిక.